మూడోసారి జాడించని గుడ్డ

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఆకులో పులుపును, ఇనుములో తుప్పును, ఆ తుప్పును వదలగొట్టే గుణాన్ని కూడా తన సృష్టిలోనే దాచిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. ఒకరంటే ఒకరికి పడని మనుషులను ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకరి చేత ఇంకొకరిని రుద్దించి శుభ్రం చేసే ఆయన ఓర్పుకు స్తోత్రం. ముందుగా ఆయనకు వందనాలు చెల్లించి, తరవాత దయామణిగారి సంగతి చెబుతాను. ఆవిడే పక్కనుంటే, "స్తోత్రం అయ్యింది గదా, ఇంక విషయానికి రా" అనేవారు.

పోయిన నెలలో మా చర్చిలో మొజాయిక్ నేలకు పాలిష్ పెట్టించాం. పనివాళ్లు గుమ్మం దగ్గర ఒక సంచి మూతి విప్పగానే తెల్లటి పొడి గాలికి లేచి నా ముక్కులో సన్నగా గీరింది. వాసనేమీ లేదు. గొంతులో మాత్రం పుల్లగా, ఇసుక రేణువు అడ్డం పడ్డట్టు ఒక బాధ, వెంటనే నాలుగు తుమ్ములు. ఆ గీరడం నాకు బాగా తెలుసు. అది ఆక్జాలిక్ యాసిడ్. నేలకు మెరుపు రావడానికి చివరి విడతలో చల్లి రుద్దుతారు. సంచి మీద పేరు లేదు. పనివాడు ఒట్టి చేత్తో గుప్పిళ్లు తీస్తున్నాడు. పక్కనే వాళ్ల అన్నం క్యారేజీలు.

"బాబూ, చేతికి తొడుగేది? అన్నం పక్కన పెట్టేరేంటి దాన్ని?" అన్నాను.

"ఏం కాదండి అమ్మగారూ. పదేళ్ల నుంచి ఇదే పనండి" అన్నాడతను.

నేను ఊరుకోలేదు. క్యారేజీలు తీయించి అరుగు మీద పెట్టించాను. కాగితం తెచ్చి పెద్ద అక్షరాలతో పేరు రాసి, కింద 'విషం' అని రాసి సంచికి అతికించాను. అతను నా వంక ఒక చూపు చూశాడు. ఈవిడ గోల ఎప్పుడు వదులుతుందిరా భగవంతుడా అనే చూపు. ఆ చూపును నేను వెంటనే గుర్తుపట్టాను. కొన్నేళ్ల పాటు దయామణిగారిని నేను అచ్చం అలాగే చూశాను.

మా ఊరు మామిడికుదురుకు దగ్గర. నేను కోడలిగా, ప్రాథమిక పాఠశాల టీచరుగా ఒకే ఏడు ఈ ఊళ్లో అడుగుపెట్టాను. దయామణిగారు అప్పటికే పదవీ విరమణ చేశారు. అమలాపురంలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం ల్యాబుకు స్టోరుకీపరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారట. లెక్చరరు కాదు. కానీ ఆవిడ చేత తిట్లు తినని లెక్చరరు లేడని చెప్పుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మగారు పోయాక పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆ ఇంట్లో ప్రతి డబ్బా మీదా ఒక చీటీ. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని ఉంటే సరిపోదు, ఎప్పుడు పోశారో తేదీ కూడా ఉండాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు టీ కలిపి, పంచదార డబ్బా నా ముందు పెట్టి, "చదువుకుని వేసుకో" అన్నారు. వరసకు అత్తయ్యగారూ అని పిలిచేదాన్ని. వరస ఏమిటో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. మా వైపు గారు చేర్చి పిలిస్తే అందరూ చుట్టాలే.

ఆవిడ గొప్ప భక్తురాలు. కానీ ఆవిడ పక్కన కూర్చుని ప్రసంగం వినడం ఒక శ్రమ. ప్రసంగీకుడు చేపల సంఖ్యో, రొట్టెల సంఖ్యో తప్పు చెబితే గొణిగేవారు కాదు, లేచి సరిచేసేవారు. ఒకసారి పొరుగూరి నుంచి వచ్చిన పెద్ద బోధకుడు మంచి ఊపులో, అరణ్యంలో జనం ఎన్నో ఏళ్లు తిరిగారు అన్నాడు. "నలభయ్యండి" అని ఈవిడ బల్ల మీద నుంచి అందించారు. ఆయన ఊపు మళ్లీ ఎక్కలేదు. నాకు సిగ్గుతో తల తిరిగిపోయింది. ఎందుకంటే స్త్రీల సమాజానికి కొత్త కార్యదర్శిని నేనే, ఆయన్ను పిలిపించిందీ నేనే.

ఇప్పుడు మరకల సంగతి. మా ఊరి బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. బకెట్లో పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, గంట పోయాక అడుగున ఎర్రటి మడ్డి. ఆ నీళ్లతో ఉతికిన తెల్లగుడ్డ ఆరు నెలలకు తేనె రంగుకు తిరుగుతుంది. దానికి తోడు మా సంఘంలో సగం మంది కొబ్బరి తోటల్లో కాయల దింపు, వలుపు పనులవాళ్లు. పాతిన ఇనుప గునపం మీద కాయలు వలుస్తుంటే పైన పీచు డొక్కలోని పసరు ఇనుముతో కలిసి చొక్కాల మీద నల్లటి సిరా మరకలు వేస్తుంది. ఏ సబ్బుకూ పోవు. ఆదివారానికి తెల్లగా రావాలని వాళ్లకు ఉండేది, చొక్కా ఒప్పుకునేది కాదు. బ్లీచింగ్ పౌడరు పోస్తే తుప్పు మరక పోకపోగా ఇంకా గట్టిపడేది.

ప్రభు భోజనపు బల్ల మీద పాత్రలకు కప్పే గుడ్డకూ అదే గతి. వానాకాలంలో చర్చి ఇనుప బీరువా చెమ్మగిల్లి, మడతల మీద తుప్పు చుక్కలు పడేవి. ఆ గుడ్డ చుట్టూ జానెడు లేసు అంచు ఉండేది. దయామణిగారి అమ్మగారు కొంకి సూదితో అల్లింది. కళ్లు కనపడుతున్న చివరి రెండేళ్లూ ఆవిడ చేసిన పని అదేనట. గుడ్డల బీరువా తాళం దయామణిగారి దగ్గర ఉండేది. కార్యదర్శిని గనక సాయం చేయడం నా విధి అని ఒక శనివారం ఆవిడే పిలిచారు. చేతికి తొడుగులు ఇచ్చి, ఒక మసిగుడ్డ తెచ్చి, దాని మీద ఉన్న వలుపు మరక చూపించి, పక్కన ఒక సీసా పెట్టారు.

"సీసా మీద ఏం రాసుంది?"

"ఆక్జాలిక్ యాసిడ్, విషం అని ఉందండి."

"చూడ్డానికి ఎలా ఉంది?"

"పటికబెల్లం పొడిలా ఉందండి. నిమ్మ ఉప్పులా కూడా ఉంది."

"అందుకే చీటీ. తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కాదు. దీనికి వాసన లేదు, అంచేత ముక్కు నిన్ను కాపాడదు. చదువే కాపాడాలి."

గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా కరిగించి మరక మీద పోశారు. నల్లటి మరక నా కళ్ల ముందే పలచబడి, నీళ్లు లేత పసుపుపచ్చకు తిరిగి, గుడ్డ తెల్లగా మిగిలింది. నేను నోరు తెరిచాను. దయామణిగారికి నోరు తెరవడాలు నచ్చవు. మరక ఎక్కడికీ మాయమైపోలేదని, ఈ ఆమ్లం ఇనుమును పట్టుకుని నీళ్లలో కరిగేలా చేసిందని, ఆ నీళ్లు గుడ్డలోంచి పోయేదాకా పని సగమేనని చెప్పారు. కంద కోస్తే చేతులు దురద పెట్టడానికీ ఇదే కారణమట. ఈ ఆమ్లం కందలో సున్నంతో కలిసి కంటికి కనపడని సూదులై ఉంటుందట. పుల్లచింతాకులో, చుక్కకూరలో పులుపు కూడా ఇదేనట. కూరగా కొంచెం తింటే ఫరవాలేదు, ఇలా పొడిగా ఒంట్లోకి పోతే రక్తంలో ఉన్న సున్నాన్ని పట్టుకుని మూత్రపిండాలను రాళ్లతో నింపుతుందని చెప్పి, "అంచేత నవ్వకు" అన్నారు. నేను నవ్వలేదు.

దాన్ని ఎలా తయారుచేస్తారని అడగడం నా తప్పు. అరగంట పట్టింది. పూర్వం రంపపు పొట్టును కాస్టిక్ సోడాతో కలిపి ఇనుప పళ్లేల్లో మాడ్చి, నీళ్లలో కరిగించి, సున్నం కలిపితే అడుగున తెల్లటి మడ్డి దిగేదట. ఆ మడ్డిని గంధకామ్లంతో విడగొడితే ఇది వచ్చేదట. కాలేజీ ల్యాబులో అయితే పంచదార మీద నత్రికామ్లం పోసి కాచేవారు. ఎర్రటి పొగలు లేచి, అవి తగ్గాక, కదపకుండా వదిలేస్తే మర్నాటికి గాజు పుల్లల్లాంటి స్ఫటికాలు కట్టేవట.

ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని గనక నా బుర్ర వెంటనే ఉపమానం అల్లేసింది. "అబ్బ, ఎంత బాగుందండి. తియ్యటి పంచదార విషమైపోవడం. పాపం కూడా అంతే కదండి, తియ్యగా మొదలై..."

"పాపమేంటి?" అన్నారు దయామణిగారు. "పంచదార ఏం పాపం చేసింది? ఇది రాతి నేలకు పాలిష్‌కి పనికొస్తుంది, తోలుకి పనికొస్తుంది, కర్ర మీద మచ్చలు తీస్తుంది, ఇంజన్లో తుప్పు వదలగొడుతుంది. దేవుడు చేసిన సరుకు. ముందు అదేంటో సరిగ్గా తెలుసుకో. ఉపమానం తరవాత చెప్దువుగాని. నీకు ప్రతిదాన్నీ ప్రసంగం చేసేద్దామని తొందర."

నాకు ఒళ్లు మండింది. బడిలో పిల్లలందరూ ఇష్టపడే టీచరును నేను. నా ఉపమానాలకు పేరుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆయనతో ఆవిడ మీద గంటసేపు చెప్పాను. ఆయన అంతా విని, "ఇంతకీ మరక పోయిందా?" అన్నారు.

అసలు విసుగు మరక తీయడంలో లేదు. తీశాక జాడించడంలో ఉంది. బోరు నీళ్లతో జాడిస్తే మళ్లీ ఇనుమే. అందుకని మూడు తోటలు దాటి, కాలువ ఒడ్డున ఉన్న పాత నూతి నుంచి నీళ్లు మోయాలి. ఒక్కో జాడింపుకు రెండు బకెట్లు, మొత్తం మూడు జాడింపులు. ఆఖరిదాంట్లో చిటికెడు వంటసోడా. తరవాత తడిగుడ్డ మీద నీలం లిట్మస్ కాగితం ముక్క పెట్టాలి. కాగితం ఎర్రబడితే మళ్లీ మొదటికి. అక్కడితో అయిపోదు. ప్రభువు బల్ల గుడ్డలు ఉతికిన నీళ్లు మురుగులో పోయకూడదని మా సంఘంలో పాత ఆచారం. చర్చి పక్క కొబ్బరి చెట్టు మొదట్లో పోయాలి. ఈ యాసిడ్ నీళ్లు అలాగే పోస్తే చెట్టుకు మంచిది కాదని ఈవిడ వాటిలో సున్నపు తేట కలిపించేవారు. నీళ్లు పాలు విరిగినట్టు విరిగి, తెల్లటి మడ్డి అడుగుకు దిగేదాకా కూర్చోవాలి. తేట చెట్టుకు, మడ్డి గోతికి. ఒక చిన్న గుడ్డకు ఒక శనివారం మొత్తం.

"ఒక్కసారి జాడిస్తే చాలదాండి అత్తయ్యగారూ? తెల్లగానే ఉంది కదండి" అనేదాన్ని.

"తెల్లగా ఉండటం వేరు, యాసిడ్ పోవడం వేరు. లోపల మిగిలితే ఇస్త్రీ పెట్టె వేడికి నూలును తినేస్తుంది. పైకి ఏం కనపడదు. పట్టుకుంటే చీకిపోయి ఉంటుంది."

"ఆయ్" అనేదాన్ని. మనసులో మాత్రం, ముసలావిడకు పొద్దుపోక పెట్టుకున్న పని అనుకునేదాన్ని. ఆ రోజుల్లో నేను ఆవిడ గురించి చేసిన ప్రార్థనలన్నీ ఆవిడ మారాలనే.

ఒక ఏడు ఈస్టరు ముందు దయామణిగారికి కంటిలో శుక్లం తీశారు. పచ్చ కళ్లద్దం పెట్టుకుని, వంగకూడదని డాక్టరు చెప్పారని మంచం మీద కూర్చుని, తాళం నాకిచ్చి పంపారు. అవి వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన రోజులు. నూతిలో నీళ్లు అడుక్కు పోయాయి. చేద వేస్తే సగం బురద వచ్చేది, తేరుకునేదాకా ఆగాలి. ఇంటి నిండా చుట్టాలు. కొత్త బట్టలు కుట్టించలేదని పిల్లల ఏడుపు. నేను యాసిడ్ కొలత ప్రకారమే వేశాను. తుప్పు చుక్కలన్నీ పోయాయి. ఒకసారి జాడించాను. రెండోసారి నీళ్లకు బయలుదేరి మొదటి తోట దాకా వెళ్లి ఎండ చూసి వెనక్కి తిరిగాను. గుడ్డ మల్లెపువ్వులా ఉంది. పిండి ఆరేశాను. మంచి వేడిగా ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి బీరువాలో పెట్టాను. మిగిలిన నీళ్లు మురుగులో పారబోశాను.

తాళం ఇవ్వడానికి వెళ్తే మంచం మీద నుంచే అడిగారు.

"మూడుసార్లు జాడించేవా?"

"జాడించేనండి."

"కాగితం పెట్టేవా?"

"పెట్టేనండి. నీలంగానే ఉందండి."

"ఎండలో నీళ్లు మోసేవు. మజ్జిగ తాగి వెళ్లు" అన్నారు. తాగాను. నా కష్టాన్ని ఆవిడ గుర్తించి మాట్లాడటం అదే మొదటిసారి.

ఈస్టరు ఆరాధనలో ప్రభు భోజన సంస్కారానికి ముందు ఇద్దరు పెద్దలు పాత్రల మీది గుడ్డను చెరో కొసా పట్టుకుని ఎత్తి మడత పెట్టడం మా దగ్గర వాడుక. అటు కొస మా సంఘ పెద్ద ఏసుపాదంగారు, ఇటు కొస ఇంకొకాయన. ఎత్తారు, కొంచెం లాగారు. గుడ్డ నడిమి మడత వెంట చిరిగింది. పెద్ద చప్పుడేమీ కాదు, ఎండిన అరటాకు చీల్చినట్టు. తడబడి ఏసుపాదంగారు కింది అంచు పట్టుకోబోతే లేసు పొడిపొడిగా ఊడి ఆయన వేళ్లకు వచ్చింది. పాట ఆగిపోయింది. పాస్టరు అయ్యగారు చిన్న తువ్వాలు కప్పి సంస్కారం జరిపించారు. నేను ఆ రోజు రొట్టె తీసుకున్నాను. ద్రాక్షరసమూ తీసుకున్నాను. అబద్ధం ఒప్పుకోకుండానే తీసుకున్నాను.

ఆరాధన తరవాత కమిటీ అక్కడికక్కడే కూర్చుంది.

"దేవుని బల్ల గుడ్డకు యాసిడ్ ఏంటండి? ముందు నుంచీ చెప్తున్నాం, సబ్బు చాలని" అన్నారు ఏసుపాదంగారు. "ఇన్నేళ్లూ ఆ మందులు పోసి పోసి గుడ్డను చీకబెట్టేరు. పాతకాలం లేసండి అది."

పాతకాలం లేసు ఎవరిదో ఆయన మరిచిపోయారు. దయామణిగారు పచ్చ కళ్లద్దంతో వెనక బల్ల మీద ఉన్నారు. నేను ఆవిడ వాదిస్తారని చూశాను. బోధకులను నిలబెట్టి అంకెలు సరిచేసే మనిషి ఒక్క మాట అంటారని, ఆ మాట పట్టుకుని నేను లేస్తానని అనుకున్నాను. ఆవిడ లేచి, బల్ల మీది గుడ్డ ముక్క ఒకటి మడిచి సంచిలో వేసుకుని, తాళం ఏసుపాదంగారి ముందు పెట్టారు. "సీసా మీద చీటీ ఉందండి. చదివి వాడుకోండి" అని వెళ్లిపోయారు.

నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. అప్పుడు వాదించి ఉంటే నా నోరు తెరుచుకునేది కదా అని. మనిషి మనసు ఎంత కపటమైనదో లేఖనాల్లో చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసినదాన్నే, నా మనసు దగ్గరికి వచ్చేసరికి గుర్తుపట్టలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే కమిటీవారు తాళం తీసుకొచ్చి నాకే ఇచ్చారు. "అమ్మాయి జాగ్రత్తగా చేస్తుందండి" అని ఏసుపాదంగారు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు.

అక్కడి నుంచి పెంతెకోస్తు పండుగ దాకా ఏడు వారాలు. దయామణిగారు ఏ ఆదివారం మానలేదు. నాతో మాట్లాడటమూ మానలేదు, అది ఇంకా కష్టంగా ఉండేది. సున్నం డబ్బా మూత బిగించావా అనేవారు. సీసా మీద చీటీ అంచు లేచింది, కొత్తది అతికించు అనేవారు. జనం మాత్రం యాసిడ్ అమ్మగారు అని ఆవిడకు పేరు పెట్టేశారు. వలుపు పనివాళ్లు మరకల చొక్కాలు ఆవిడ దగ్గరికి తేవడం మానేశారు. నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని. ప్రభువా, నేను ఘోర పాపిని అనేదాన్ని. సొగసైన మాట. అందులో గుడ్డ లేదు, నీళ్లు లేవు, మజ్జిగ లేదు.

ఏడో వారం శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లాను. వరండాలో కత్తిపీట ముందు కూర్చుని, చేతులకు నూనె రాసుకుని కంద కోస్తున్నారు. ముక్కలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి.

"అత్తయ్యగారూ, ఆ గుడ్డ నా వల్లేనండి చిరిగింది."

"తెలుసు" అన్నారు, తల ఎత్తకుండా.

"ఎలా తెలుసండి?"

"ముక్క తెచ్చుకున్నా గదా. తడిపి కాగితం పెట్టేను. మందారప్పువ్వులా ఎర్రబడింది."

"మరి మీరు ఆ రోజే ఎందుకు చెప్పలేదండి?"

"చేసింది నువ్వు. నేనెందుకు చెప్తాను? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నాకు ఏడుపు, ఉక్రోషం ఒక్కసారే వచ్చాయి. "ఏడు వారాలండి. అందరూ మిమ్మల్ని అన్ని మాటలంటుంటే. మీ అమ్మగారి లేసండి అది."

"ఔను" అన్నారు. ఆ తరవాత కోసిన రెండు ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పడ్డాయి. ఆవిడ వాటిని చూసి, పెద్దదాన్ని మళ్లీ రెండు చేశారు.

"క్షమించండి అత్తయ్యగారూ."

"క్షమించడం ఎప్పుడో అయ్యింది. నాకు చెప్పడం దేనికి? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్లకి చెప్పు."

"సంఘంలోనాండి?"

"గుడ్డ చిరిగింది ఎక్కడ, మీ ఇంట్లోనా?"

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను. "ప్రియులారా, నేను అయోగ్యురాలను" అని మొదలుపెట్టాను. మట్టి పాత్ర అన్నాను, బలహీనత అన్నాను. "ఈస్టరు రోజు జరిగినదానిలో నా వంతు పొరపాటు కూడా ఉంది. పని ఒత్తిడిలో మందు కొంచెం ఎక్కువైపోయిందేమో..." అన్నాను. ముందు బల్లలవాళ్లు అయ్యో పాపం అన్నట్టు తలలు ఊపారు. ఏసుపాదంగారు కళ్లు తుడుచుకోవడానికి సిద్ధమయ్యారు.

"ఎక్కువ కాలేదు" అని వెనక నుంచి వినపడింది.

అందరూ తిరిగి చూశారు. దయామణిగారు బల్ల పట్టుకుని లేచి నిలబడ్డారు.

"బకెట్టుకి ఎన్ని చెంచాలు వేసేవు?"

"నాలుగండి."

"అది సరిపోయింది. మందుని అనకు. ఎన్నిసార్లు జాడించేవు?"

"ఒకసారండి."

"ఎన్నిసార్లు జాడించాలి?"

"మూడుసార్లండి."

"నేనడిగితే ఏం చెప్పేవు?"

"మూడుసార్లు జాడించేనని చెప్పేనండి. కాగితం కూడా పెట్టేనని చెప్పేనండి. పెట్టలేదు."

"ఆ నీళ్లు?"

"మురుగులో పోసేనండి."

అయ్యగారు మెల్లగా, "చాలమ్మా, కూర్చోనివ్వండి ఆవిణ్ని" అన్నారు.

"ఆయ్, అయిపోయిందండి. ఇప్పుడు కూర్చోవచ్చు" అన్నారు దయామణిగారు, తానే ముందు కూర్చుంటూ.

కోర్టులో ముద్దాయిలా నన్ను నిలబెట్టిందని ఆ క్షణంలో ఎంత మండిపడ్డానో చెప్పలేను. కళ్లనీళ్లతో క్షమాపణ అడిగే మనిషిని ఎవరైనా చెంచాల లెక్క అడుగుతారా? కానీ కూర్చున్నాక ఒక సంగతి గమనించాను. అయోగ్యురాలను అన్నంతసేపూ నా చూపు నేల మీదే ఉంది. ఒకసారండి అన్నాక తల ఎత్తి, ఆవిడ వంకే చూస్తూ జవాబులు చెప్పాను. ఏడు వారాల తరవాత ఆ రోజు సంస్కారపు రొట్టె నా గొంతు దిగింది.

బయట ఏసుపాదంగారు ఎర్రబడిన ముఖంతో దయామణిగారి దగ్గరికి వచ్చారు. "తొందరపడి మాటన్నానండి. మనసులో పెట్టుకోకండి. రేపటి నుంచి మళ్లీ తాళం మీరే ఉంచుకోండి" అన్నారు.

"నాకెందుకండి? అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి" అన్నారు ఆవిడ. "ఇంక జాడిస్తుంది."

తరవాత ఆరేళ్లు బతికారు. ఆ ఆరేళ్లలోనూ మేము పోట్లాడని శనివారం లేదు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూసిన ప్రతిసారీ ఏదో తప్పు చూపించారు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, "ప్రభువా, ఈమె చేసిన మేలులన్నిటి నిమిత్తం" అని నేను ప్రార్థన మొదలుపెడితే, కళ్లు మూసుకునే, "ఏ మేలులు?" అన్నారు. నాకు విసుగొచ్చి ఒక్కొక్కటే చెప్పాను. పదిహేను దాకా వచ్చాయి. ఒకటి తప్పు, అది తాను చేయలేదని తీసేయించారు.

ఆవిడ వెళ్లిపోయి చాలా కాలమైంది. నాకు ఇంకా చిరాకు తగ్గలేదు. తెల్లవారి మోకాళ్లూని, ప్రభువా నా పాపములను క్షమించు అనగానే, పక్కన బల్ల మీద కూర్చున్నట్టు, ఏది, ఎన్నిసార్లు, ఎవరితో ఏమని చెప్పావు అని అడుగుతుంది ఆ గొంతు. అప్పుడు చెప్పక తప్పదు. నిన్న తోడికోడలి మీద అన్న మాట, ఆ మాటే. బడిలో ఒక పిల్లవాడిని చెయ్యని తప్పుకు నిలబెట్టింది, వాడి పేరుతో సహా. అలా చెప్పిన రోజు ప్రార్థన చిన్నదిగా ఉంటుంది, లేచేసరికి ఒళ్లు తేలికగా ఉంటుంది. సొగసుగా చెప్పిన రోజు ఎంతసేపు చేసినా లోపల ఏదో మిగిలే ఉంటుంది.

చదువుతున్న మీరు దయామణిగారిని చూడలేదు. చూసి ఉంటే మీకూ విసుగే వచ్చేది. అయినా ఇప్పుడు ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. ప్రభువా, అందరం పాపులమే అనే మాట వెనక దాక్కోకుండా మాకు సాయం చెయ్యి. మేము చేసింది ఇదీ, ఇన్నిసార్లూ, ఫలానావారి దగ్గర అబద్ధం చెప్పామూ అని నీ యెదుట, వారి యెదుట చెప్పే ధైర్యం ఇయ్యి. ఇక్కడ నేను ఆగుతాను. మీది మీరు పేరు పెట్టి చెప్పుకోండి. 'మొదలైనవి' అనకండి. చెప్పడం పూర్తయ్యాక ఆమెన్ అందాం.